ఒక క్షీరదానికి 18వ శతాబ్దంలోనే పేరు పెట్టారా? తెలుసుకోవడం ఎలా?

పులి శాస్త్రీయ నామాన్ని పూర్తిగా రాస్తే ఇలా ఉంటుంది: పాంథెరా టైగ్రిస్ (లిన్నేయస్, 1758). చాలామంది మొదటి రెండు మాటలు చదివి ఆగిపోతారు. మనకు పనికొచ్చేది ఆ తర్వాతి ముక్క.

1. ముందు పేరు మొత్తం సంపాదించండి. జంతువును వర్ణించిన మనిషి పేరు, సంవత్సరం లేకపోతే ఈ పని ముందుకు సాగదు.

2. సంవత్సరం చూడండి. 1758 నుంచి 1800 వరకు ఉంటే మీరు వెతుకుతున్నది దొరికినట్టే. 1701 నుంచి వెతకాలి కదా అంటారా? అక్కర్లేదు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జీవుల వర్గీకరణ మీద రాసిన సిస్టమా నాచురే పుస్తకం 10వ కూర్పు 1758లో వచ్చింది. జంతువుల పేర్ల లెక్క అక్కడే మొదలవుతుంది, అంతకుముందు పెట్టినవి చెల్లవు. చుక్కల దుప్పిది 1777, మనుబోతుది 1766, రెండూ ఈ లెక్కలోకి వస్తాయి. జెయింట్ పాండాది 1869, దాన్ని పక్కన పెట్టేయండి.

3. బ్రాకెట్లు ఉన్నాయా? అవి అలంకారం కాదు. మొదట వర్ణించినవాడు జంతువును వేరే ప్రజాతిలో (జీనస్, పేరులోని మొదటి మాట దానిదే) పెట్టాడనీ, తర్వాత దాన్ని మార్చారనీ అర్థం. పులిని లిన్నేయస్ ఫెలిస్ అన్నాడు, అంటే పిల్లుల గుంపు. మనిషికి, ఆసియా ఏనుగుకు బ్రాకెట్లు ఉండవు. ఆయన పెట్టిన ప్రజాతి ఇప్పటికీ అదే.

4. బ్రాకెట్లు ఉంటే మొదటి పేరేమిటో వెతకండి. నాకైతే సరదా అంతా ఇక్కడే. కృష్ణజింకను లిన్నేయస్ మేకల్లో కలిపాడు. ఎలుగుబంటి సంగతి ఇంకా విచిత్రం. పొడవాటి గోళ్లు, పైదవడ ముందు రెండు పళ్లు లేకపోవడం చూసి 1791లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త జార్జ్ షా దాన్ని స్లాత్ (చెట్లకు వేలాడుతూ మెల్లగా కదిలే జంతువు) అనుకున్నాడు, బ్రాడిపస్ అర్సినస్ అని పేరు పెట్టాడు. అందుకే ఇంగ్లిష్‌లో నేటికీ అది స్లాత్ బేర్. ఈ షాకే 1799లో ప్లాటిపస్ (బాతు ముక్కున్న ఆస్ట్రేలియా జంతువు) చర్మం చేతికొచ్చింది. బాతు ముక్కును ఎవరో అతికించారేమో అని ఆయనకు డౌట్! చివరికి ప్లాటిపస్ అనాటినస్ అన్నాడు గానీ, ప్లాటిపస్ అనే పేరు అప్పటికే ఒక పురుగుకు ఉంది. అందుకని ప్రజాతి పేరు ఆర్నితోరింకస్ అయింది.

5. రెండు చోట్ల రెండు సంవత్సరాలు కనిపిస్తే టెన్షన్ పడకండి. ష్రేబర్ క్షీరదాల మీద రాసిన పుస్తకంలాంటివి ఏళ్ల తరబడి భాగాలుగా వచ్చాయి. ఆ భాగం అచ్చయిన తేదీ ఏదో చూసుకుంటే చాలు.

6. వర్ణించిన ఏడాదిని కనుగొన్న ఏడాది అనుకోవద్దు. అన్వేషకుడు బేరింగ్ ఓడ పగిలి దీవిలో చిక్కుకున్నప్పుడు, ఆయన వెంట ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త స్టెల్లర్ 1741లో ఒక భారీ సముద్రపు ఆవును చూశాడు. జిమ్మర్‌మన్ దానికి శాస్త్రీయ నామం పెట్టింది 1780లో. వేటగాళ్లు 1768కల్లా దాన్ని తుడిచిపెట్టేశారు.