కన్వర్టిబుల్ ముందద్దం చుట్టూ స్టీలు బీడింగ్ మార్చడం

పాత కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే కారు) ముందద్దం చుట్టూ మెరిసే స్టీలు బీడింగ్ అందం కోసమే పెట్టారనుకుంటే పని మొదట్లోనే దారి తప్పుతుంది. అద్దం అంచుకీ బాడీకీ మధ్య సందుని కప్పేది అదే. దాన్ని పట్టి ఉంచేవి లోపల కనిపించకుండా ఉండే చిన్న క్లిప్పులు. బీడింగ్ ఊడదీయడానికి ఒక పూట చాలు. మిగతా సమయమంతా క్లిప్పులకీ, వాటి కింది తుప్పుకీ పోతుంది. పోనివ్వండి, అసలు పని అక్కడే ఉంది.

ముందు మీ కారులో బీడింగ్ దేని మీద నిలబడిందో చూసుకోండి. 1960ల నాటి అమెరికన్ కార్లలో ఎక్కువగా బాడీకి బిగించిన క్లిప్పుల మీద కూర్చుంటుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి వాటిలో అద్దం రబ్బరు గాడిలోకే దిగి ఉంటుంది. అలాంటిది అద్దం బిగించాక సరిగ్గా ఎక్కదు. అద్దాన్ని రబ్బరుతో సహా బయటికి తీసి, బీడింగ్‌ని గాడిలో కూర్చోబెట్టి, తాడు సాయంతో రబ్బరు అంచుని మళ్ళీ లోపలికి లాగాలి. బీడింగ్‌కి రెండు పక్కలా రబ్బరు కనిపిస్తే ఈ రకం, ఒక అంచు నేరుగా పెయింటు మీద ఆనుకుంటే క్లిప్పుల రకం. ఇక్కడ చెప్పేది క్లిప్పుల రకం గురించి.

కన్వర్టిబుల్‌కి పైకప్పు ఆసరా లేదు. అందుకే అద్దం ఫ్రేమ్ మామూలు కారులో కన్నా ఎక్కువ ఊగుతుంది, క్లిప్పులు తొందరగా వదులవుతాయి. కారుని జాకీ మీద ఎత్తి ఈ పని చేయకండి. నాలుగు చక్రాలూ చదునైన నేల మీద ఉండాలి, తలుపులు మూసి ఉండాలి. బాడీ ఒంగి ఉన్నప్పుడు కుదిర్చిన మూలలు, కిందికి దించాక విడిపోతాయి.

కొత్త క్లిప్పులు పూర్తి సెట్టు కొనండి, పైన ఐదారు ఎక్కువ తీసుకోండి. పాత క్లిప్పు చూడ్డానికి బాగున్నా దాని స్ప్రింగు అలసిపోయి ఉంటుంది. క్లిప్పులు విడిపించడానికి పలుచని స్టీలు పట్టీకి చివర పక్కకి తిరిగిన చిన్న కొక్కెం ఉండే పనిముట్టు దొరుకుతుంది, అది లేకుండా మొదలుపెట్టకండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే బీడింగ్ నలుగుతుంది, లేదంటే అద్దం అంచు మీద బరువు పడి పగులు పాకుతుంది. ముందద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, అంచు దగ్గర అది చాలా సున్నితం. మాస్కింగ్ టేపు, దళసరి చేతి తొడుగులు, కళ్ళకి రక్షణ అద్దాలు కూడా కావాలి. బీడింగ్ లోపలి అంచు బ్లేడులా కోస్తుంది.

వైపర్ చేతులు తీసేయండి. బీడింగ్ చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు మూడు నాలుగు పొరలు వేయండి. టాప్ (మడిచే పైకప్పు) కిందికి దించి, అద్దం పక్క స్తంభాల మీది రబ్బరుని మెల్లగా లాగి చూడండి. కన్వర్టిబుల్‌లో స్తంభాల పట్టీలకి స్క్రూలు చాలాసార్లు ఈ రబ్బరు కిందే ఉంటాయి. అవి కనిపెట్టకుండా లాగితే పోత లోహపు పట్టీ పుటుక్కున విరుగుతుంది, దాన్ని మళ్ళీ అతికించడం చాలా కష్టం. తుప్పు పట్టిన స్క్రూకి తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి.

ఏ ముక్క ఏ ముక్క మీద ఎక్కి ఉందో ఫోటోలు తీసుకోండి. పైన ఎక్కినది ముందు రావాలి. సాధారణంగా మూలల్లోని చిన్న మూతలు మొదట వస్తాయి.

ఇప్పుడు కొక్కెం పట్టీని అద్దానికీ బీడింగ్‌కీ మధ్య చదునుగా దూర్చి, అంచు వెంట నెమ్మదిగా జరపండి. ఒకచోట ఆగుతుంది, అదే క్లిప్పు. కొక్కెం దాని తోకకి తగిలేలా తిప్పి మీ వైపు లాగితే చిన్న టక్కు వినిపించి, బీడింగ్ అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. అంతే, అక్కడ వదిలేయండి. ఆ చోటుకి ఎదురుగా టేపు మీద పెన్సిల్‌తో గీత పెట్టి తర్వాతి క్లిప్పుకి వెళ్ళండి. ఒక కొస విడిపోయిందని దాన్ని పట్టుకుని లేపితే, ఇంకా పట్టు ఉన్న క్లిప్పు దగ్గర స్టీలు మడత పడుతుంది. ఆ మడత ఎంత పాలిష్ చేసినా వెలుతురులో గీతలా కనిపిస్తూనే ఉంటుంది. అన్ని క్లిప్పులూ వదిలాకే ముక్కని రెండు చేతులతో ఎత్తండి.

పాత బీడింగ్ బాగా నలగకుండా ఉంటే కొత్త నకలు కన్నా దాన్నే బాగుచేసుకోవడం మేలు. ఆ బాడీ వంపుకి తగ్గట్టు పుట్టింది అదే. సొట్టల్ని వెనక నుంచి, గట్టి చెక్క దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో చాలా తేలిగ్గా తట్టి లేపండి. తర్వాత 320 నుంచి మొదలుపెట్టి 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, గుడ్డ చక్రం మీద పాలిష్ చేయండి. చక్రానికి కొస ఎదురుగా పెడితే ముక్కని లాక్కుని విసిరేస్తుంది, ఎప్పుడూ చక్రం కింది భాగం మీదే రుద్దండి. చాలా తేలిగ్గా ఉండి తెల్లని పొడి పట్టిన ముక్క అల్యూమినియం. దాని మీది ఆనోడైజింగ్ పొర (తయారీలోనే ఎక్కించిన గట్టి రక్షణ పూత) వదిలించకుండా ఎంత రుద్దినా మెరుపు రాదు.

బీడింగ్ తీశాక బయటపడిన గాడిలో పాత మట్టీ, గట్టిపడిన సీలరూ (నీళ్ళు దిగకుండా సందు నింపే జిగురు) గీకేయండి. తుప్పుని మెరిసే లోహం వచ్చేదాకా తీసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన పెయింటు వేసి బాగా ఆరనివ్వండి. లోహం చిల్లులు పడి ఉంటే వెల్డింగ్ చేయించాలి, పుట్టీతో కప్పితే నీళ్ళు కింద తినేస్తూనే ఉంటాయి. క్లిప్పు ఎక్కే పిన్ను విరిగిపోతే స్క్రూతో బిగించే క్లిప్పు వాడవచ్చు, అయితే ఆ రంధ్రంలో సీలర్ పెట్టాకే స్క్రూ దించండి. ఘాటుగా వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అందులోంచి వచ్చే ఆమ్లం ఇనుముని తింటుంది, అది అంటిన చోట తర్వాత పెయింటు నిలవదు. గట్టిపడని రకం అద్దాల సీలరే వాడండి.

కొత్త క్లిప్పులు పెట్టి, అన్ని ముక్కల్నీ నొక్కకుండా ఊరికే ఆనించి చూడండి. నకలు ముక్కలు ఒకోసారి పొడవులో తేడా వస్తాయి. నాలుగు మూలలూ కలిసి చూడకముందు ఏదీ కోయకండి. కుదిరాక, ఊడదీసిన వరసకి తలకిందులుగా, మధ్య నుంచి చివరలకి, పెన్సిల్ గీతల దగ్గర అరచేతి మడమతో నొక్కండి. ప్రతిచోటా టక్కు వినపడాలి. వినపడకపోతే సుత్తి తీసుకోకండి, రబ్బరు సుత్తి కూడా వద్దు. ఆ క్లిప్పు వంకరగా ఉందేమో, అంతకుముందు అద్దం బిగించినప్పుడు పొంగిన జిగురు దాని మీద గట్టిపడిందేమో విప్పి చూడండి.

చివరగా నీళ్ళ పరీక్ష. టాప్ వేసి, టాప్ ముందు అంచుకీ ఫ్రేమ్‌కీ మధ్య సందుని టేపుతో మూసేయండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి. గొట్టం నీళ్ళని ధార కట్టకుండా, కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు పోయండి. ఎక్కడా రాకపోతే టేపు తీసి పైభాగాన్ని మళ్ళీ తడపండి. అప్పుడు మాత్రమే చుక్క పడితే లోపం టాప్ రబ్బరుదే, మీరు పెట్టిన బీడింగ్‌ది కాదు.