దమ్ము పంపు (ఇన్‌హేలర్) ఎంత పని చేస్తోందో అంకెల్లో చూడండి

వరికోతలప్పుడు మిర్యాలగూడ, హాలియా వైపు వడ్ల దుమ్ము. వానలు పడ్డాక పాలమూరు చేలగట్ల మీద వయ్యారిభామ పూత. అలర్జీ ఉన్నవాళ్లకు దమ్ము లేచేది ఎక్కువగా అప్పుడే. గాలిగొట్టాలను వెంటనే తెరిచే నీలిరంగు సాల్బుటమాల్ పంపు కొట్టుకుని "కొంచెం నయమే" అంటారు. ఆ నయం ఎంతో పీక్ ఫ్లో మీటరు చెబుతుంది. ఊదిన గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో ముల్లుతో చూపే చిన్న గొట్టం అది.

ఈ పరీక్ష దమ్ము కొద్దిగా ఉన్న రోజు చేయండి. ఏ ఇబ్బందీ లేనప్పుడు గాలిగొట్టాలు ముడుచుకుని ఉండవు కాబట్టి అంకె పెద్దగా కదలదు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం ఉన్నా, పెదవులు నీలంగా మారినా పరీక్ష వద్దు: స్పేసర్‌తో (పంపుకు తగిలించే బోలు డబ్బా) పఫ్‌లు ఇస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి.

పరీక్షకు ముందు 4 గంటలు సాల్బుటమాల్ వాడకూడదు. మధ్యలో దమ్ము ఎక్కువైతే మాత్రం తీసుకోండి, పరీక్ష ఇంకోరోజు పెట్టుకోవచ్చు. రోజూ వాడే స్టెరాయిడ్ పంపును డాక్టరును అడగకుండా ఆపొద్దు.

నిలబడి, మీటరు ముల్లును కిందికి జరిపి, నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి ఒక్క ఊపున ఊదండి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోండి, సగటు తీయొద్దు. వేలు ముల్లుకు అడ్డొస్తే అంకె తగ్గుతుంది. ఉమ్మినట్టు ఊదితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

తర్వాత 100 మైక్రోగ్రాముల పఫ్‌లు నాలుగు, స్పేసర్‌తో, ఒక్కొక్కటిగా. ప్రతిసారీ పంపు ఊపి, ఒక్క పఫ్ కొట్టి, మెల్లగా పీల్చి 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండు పఫ్‌లు కలిపి కొడితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. చేతులు వణకడం, గుండె దడ కాసేపు ఉండొచ్చు. 15 నిమిషాలాగి మళ్లీ మూడుసార్లు ఊదండి.

ముందు 250, తర్వాత 310 వస్తే పెరిగింది 60, అంటే 24 శాతం. పెద్దవాళ్లలో 20 శాతం దాటితే గొట్టాలు బాగా తెరుచుకున్నట్టే.

అంకె కదలకపోతే ముందు పంపును చూడండి. 200 పఫ్‌ల డబ్బాలో మందు అయిపోయాక కూడా గ్యాస్ బుస్సుమంటూనే ఉంటుంది, అక్కడే చాలామంది మోసపోతారు. నీళ్లలో తేలిందా మునిగిందా అని చూడటం నమ్మదగింది కాదు. వాడినవి లెక్క రాసుకోవాలి. కొత్త పంపైనా, చాన్నాళ్లు పక్కన పెట్టిందైనా ముందు గాల్లోకి రెండు మూడు పఫ్‌లు వదలాలి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరబెట్టండి. తుడిస్తే పుట్టే స్థిరవిద్యుత్తు మందును లాగేసుకుంటుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా పెరగకపోతే ఆ రెండంకెలూ పట్టుకుని ఛాతీ డాక్టరు దగ్గర స్పైరోమెట్రీ (మెషీన్‌లో ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష) చేయించండి. అందులో మొదటి సెకనులో ఊదిన గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ పెరిగాయా అని చూస్తారు. పరీక్షలో అంకె బాగా పెరిగినా, వారంలో రెండుసార్లకు మించి నీలిపంపు అవసరమవుతుంటే లోపలి వాపు తగ్గలేదన్నమాట. దానికి స్టెరాయిడ్ పంపు కావాలి.