బండేరా రాంచ్‌కి పిల్లలతో ఒక్కరోజు వెళ్లాలంటే

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి హైవే 16 మీద గంటసేపు వెళ్తే బండేరా వస్తుంది. ప్రపంచానికే కౌబాయ్ రాజధానినని చెప్పుకునే చిన్న ఊరు. చుట్టుపక్కల డ్యూడ్ రాంచ్‌లు, అంటే అతిథులను రానిచ్చి గుర్రపు సవారీ చేయించే పశువుల క్షేత్రాలు, చాలా ఉన్నాయి. వాటిలో డిక్సీ డ్యూడ్ రాంచ్ 1901 నాటిది. అతిథులను 1937 నుంచి తీసుకుంటోంది.

మీరు వెతకాల్సింది నిజంగా పశువులను పెంచే రాంచ్. గుర్రం ఎక్కించి ఫొటో తీసి పంపేసే చోటైతే అంత దూరం దండగ. ముందు ఫోన్ చేయండి, రాత్రి ఉండేవాళ్లనే తీసుకునేవి కూడా ఉంటాయి. పొద్దున పశువులకు మేత వేసేది ఎన్నింటికో అడిగి, ఆ టైముకే చేరండి. పదకొండింటికి తీరిగ్గా వెళ్తే చెట్ల కింద పడుకున్న ఆవులే కనిపిస్తాయి. ఎంత వయసు పిల్లలను గుర్రం ఎక్కనిస్తారు, బరువు పరిమితి ఎంత అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. బరువు అడిగితే మొహమాటపడి తగ్గించి చెప్పకండి, దాన్నిబట్టే గుర్రాన్ని ఇస్తారు. స్నేహితుల పిల్లలను వెంట తీసుకెళ్తుంటే, దెబ్బ తగిలితే రాంచ్‌ది బాధ్యత కాదని రాసిచ్చే పూచీ కాగితం మీద వాళ్ల అమ్మానాన్నల సంతకం ముందే పెట్టించుకోండి.

మార్చి, ఏప్రిల్, లేదంటే అక్టోబర్ తర్వాత వెళ్లండి. జులై ఎండ గురించి చెప్పక్కర్లేదు. అందరికీ జీన్స్, కాస్త మడమ ఉన్న మూసిన బూట్లు. మడమ లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారిపోతుంది. చున్నీ ఇంట్లోనే వదిలేయండి.

గుర్రం దగ్గరికి భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లాలి. వెనక నుంచి అస్సలు వద్దు. ఎడమవైపు నుంచే ఎక్కాలి. జీను పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బించి నిలబడతాయి. నాలుగడుగులు నడిచాక ఊపిరి వదిలితే పట్టీ వదులైపోతుంది. అందుకే ఎక్కేముందు రాంచ్ మనిషి వచ్చి మళ్లీ బిగిస్తాడు. మర్చిపోయినట్టు కనిపిస్తే అడగండి, ఏమీ అనుకోరు. పగ్గాలు ఒక చేత్తోనే పట్టుకుని, ఎటు తిరగాలో అటు చెయ్యి జరపాలి. దారిలో గుర్రం గడ్డి కోసం తల వంచితే వెంటనే పైకి లాగమని పిల్లలకు చెప్పండి. ఒక్కసారి మేయనిచ్చారా, ఇక దారి పొడవునా అదే పని.

మా చిన్నాడికి సవారీ కంటే మేకలకు దాణా పెట్టడమే నచ్చింది. దాణా అరచేతిలో, వేళ్లు చాపి పెట్టించండి. ముడిచిన వేళ్లను కూడా మేతే అనుకుని కొరుకుతాయి. గేటు తీసి ఉంటే తీసే ఉంచండి, మూసి ఉంటే మూసేయండి. ఇక్కడ పిల్లలకు నేర్పాల్సిన మొదటి మర్యాద ఇదే. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారికి గుర్రం వద్దనుకుంటే, గడ్డిమోపుల మీద కూర్చోబెట్టి తిప్పే బండి ఉందేమో కనుక్కోండి. మా అత్తయ్యగారు ఆ బండి మీంచే లాంగ్‌హార్న్ ఎద్దు కొమ్ములు చూసి, ఒంగోలు గిత్తతో పోల్చి మార్కులు వేశారు. ఒంగోలే గెలిచింది, అనుకోండి.

భోజనం సంగతీ ముందే తేల్చుకోవాలి. బార్బెక్యూ బ్రిస్కెట్ అంటే గొడ్డు మాంసం. బీన్స్ కదా అని వడ్డించుకోబోతారేమో, వాటిలో పంది మాంసం ముక్కలు వేసి ఉడికించడం టెక్సాస్‌లో మామూలే. మేము బయటి భోజనం తేవచ్చో లేదో ముందే అడిగి పులిహోర, పెరుగన్నం కూలర్‌లో తీసుకెళ్తాం.

గుర్రాలు చూసుకునే కుర్రాళ్లకు టిప్పు ఇవ్వడానికి చిల్లర నోట్లు ఉంచుకోండి. ఇంటికి రాగానే పిల్లలకు స్నానం చేయిస్తూ చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో, నడుము దగ్గర పిడుదులు ఉన్నాయేమో చూడండి. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా తిన్నగా పైకి లాగేయాలి.