కల్పిత భాషలో అచ్చులు కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

హనుమకొండలో మా ఇంట్లో కూర్చుని నాలుగేళ్లుగా ఒక భాష కట్టుకుంటున్నాను. మాటలు సులభంగానే పుట్టాయి. ఇబ్బంది పెట్టినవన్నీ అచ్చులే. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇవి తప్పకుండా ఎదురవుతాయి.

సమస్య: మాటలు కొత్తవే, వింటే మాత్రం తెలుగులాగే ఉన్నాయి

కారణం: అక్షరమాలనే అచ్చుల పట్టిక అనుకున్నాం. అ, ఇ, ఉ, ఎ, ఒ, వాటి దీర్ఘాలు మనకు తెలియకుండానే కొత్త భాషలోకి వచ్చేస్తాయి. పైగా అక్షరం వేరు, ధ్వని వేరు. 'మేక', 'మేకు' పైకి అని చూడండి. మేకలో తర్వాత 'అ' ఉంది కాబట్టి ఏకారం దగ్గర నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. రెండింటికీ రాసే గుర్తు ఒకటే.

పరిష్కారం: నాలుక ముందుకా వెనక్కా, నోరు ఎంత తెరవాలి, పెదవులు గుండ్రమా కాదా అన్న మూడు ప్రశ్నలతో పట్టిక గీయండి. పెదవులు గుండ్రంగా పెట్టి 'ఇ' పలికితే జర్మన్, టర్కిష్ భాషల్లో ఉన్న అచ్చు వస్తుంది. తెలుగులో అది లేదు. అలాంటిది ఒక్కటి చేర్చినా భాష వినికిడి మారిపోతుంది. అచ్చులు ఎక్కువ ఉండాలనేం లేదు. 1887లో వచ్చిన ఎస్పెరాంటో అనే కల్పిత భాషలో ఐదే ఉన్నాయి, వాటి హ్రస్వదీర్ఘాలతో అర్థం మారదు.

సమస్య: ధ్వని మార్పులు చేశాం, నమ్మేలా లేవు

కారణం: కాలంతో మారిన భాషలా వినిపించాలని ధ్వనులు మార్చేటప్పుడు, చెవికి బాగుందని ఒక్కో మాటను విడిగా మార్చాం. అసలు భాషల్లో మార్పు మాటను చూడదు, చోటును చూస్తుంది. తమిళంలో ఉరల్, మనకు రోలు. తమిళంలో ఇరండు, మనకు రెండు. రెండింటిదీ ఒకే దారి: మొదట్లో ఉన్న అచ్చు 'ర' తర్వాతికి జరిగింది. మన చుట్టూ ఇప్పటికీ ఇది జరుగుతోంది. 2021లో జిల్లాకు హనుమకొండ అని పేరు పెట్టారు, నోట్లో మాత్రం హన్మకొండ. మనుమరాలు మన్మరాలు అవుతుంది, చిలుక చిల్క అవుతుంది. మాట మధ్యలో ఉన్న పొట్టి ఉకారం జారిపోతోంది.

పరిష్కారం: ఏ అచ్చు, ఏదిగా, ఎక్కడ అన్నది ఒక్క వాక్యంలో రాయండి. నిఘంటువు మొత్తానికి వర్తింపజేయండి. నచ్చిన మాట పాడైనా సరే, ఒప్పుకోండి.

సమస్య: సగం మాటల్లో ఏకవచనం, బహువచనం ఒకటే అయిపోయాయి

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. నా భాషలో 'తన్' అంటే నది, బహువచనానికి చివర 'ఇ' చేరుతుంది. నియమాలు రెండు: చివరి ఇకారం పోతుంది, ఇకారానికి ముందున్న 'అ', 'ఎ' అవుతుంది. ఇదే వరుసలో నడిపితే 'తని' కాస్తా 'తన్' అయింది, మళ్లీ నది ఒక్కటే మిగిలింది. 'పనిర్' మాత్రం చక్కగా 'పెనిర్' అయింది. అందుకే నియమం సరిగ్గానే ఉందనుకుని వారం రోజులు వేరేచోట వెతికాను.

కారణం: వరుస. ఇకారం ముందే పోతే 'అ'ను మార్చేవాళ్లు ఎవరూ ఉండరు. పనిర్‌లో ఇకారం మధ్యలో ఉంది కాబట్టి పోలేదు.

పరిష్కారం: నియమాలను తిప్పండి. తని, తెని, తెన్. ఇంగ్లీషులో ఫుట్, ఫీట్ అయిన దారి కూడా ఇదే. అక్కడ పాత బహువచన ప్రత్యయంలోని ఇకారం ముందున్న అచ్చును మార్చి తాను మాయమైంది. ఆ తర్వాత 'లో' అనే అర్థమిచ్చే 'మ' చేర్చి చూశాను. ఇకారం ఇక చివర లేదు కాబట్టి 'తెనిమ' అని బతికింది. నేను అనుకోని రూపాన్ని నియమమే ఇచ్చింది. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

సమస్య: ప్రత్యయం మాటకు అతకడం లేదు

కారణం: అచ్చుల పొత్తులో, అంటే ఒక అచ్చును బట్టి మరో అచ్చు మారడంలో, ఎవరు ఎవరిని మార్చాలో తేల్చలేదు. టర్కిష్‌లో మాటే ప్రత్యయాన్ని మారుస్తుంది: ఎవ్ (ఇల్లు) ఎవ్‌లెర్, ఆట్ (గుర్రం) ఆట్‌లార్. తెలుగులో రెండు వైపులా ఉంది. 'కత్తికి' అన్నప్పుడు మాట చివరి అచ్చును బట్టి 'కు' బదులు 'కి' వచ్చింది. 'కత్తులు' అన్నప్పుడు ప్రత్యయమే వెనక్కి వచ్చి ఇకారాన్ని ఉకారం చేసింది.

పరిష్కారం: ఒక్కో ప్రత్యయం పక్కన బాణం గుర్తు పెట్టండి, ఎడమకా కుడికా అని. నా నోట్‌బుక్‌లో పదకొండు ప్రత్యయాలున్నాయి. బాణాలు పెట్టాక వాటిలో మూడే తిరిగి రాయాల్సి వచ్చింది.