ఏపీకే నొక్కి డబ్బు పోగొట్టుకుంటే మొదటి గంటలో ఏం చేయాలి

ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ జాబితా, పెళ్లి శుభలేఖ... వాట్సాప్‌లో ఏ పేరుతో వచ్చినా సరే, ఫైలు పేరు చివర 'డాట్ ఏపీకే' ఉందంటే అది ఫొటో కాదు, పీడీఎఫ్ కాదు, యాప్. ఇన్‌స్టాల్ కాగానే ఎస్సెమ్మెస్‌లు చదివేందుకు అనుమతి అడుగుతుంది. 'అలో' నొక్కితే ఆ తర్వాత వచ్చే ఓటీపీలన్నీ అవతలివాడికి చేరిపోతాయి. 'నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు, బ్యాంకువాళ్లే ఏదో చేశారు' అని జనం బ్రాంచిలో గొడవపడేది ఇందుకే. వాళ్లు చెప్పేది నిజమే, ఓటీపీ వాళ్లు చెప్పలేదు. ఫోనే చెప్పింది.

పోయిన డబ్బు ఒకచోట ఆగదు. కమీషన్‌కు అద్దెకిచ్చిన మ్యూల్ ఖాతాలోకి వెళ్లి, అక్కణ్నుంచి నాలుగైదింటికి చీలి, చివరకు ఏటీఎంలోనో క్రిప్టోలోనో తేలుతుంది. దారిలో ఇంకా మిగిలిన సొమ్మునే ఆపగలరు. కాబట్టి రేపు పొద్దున బ్రాంచికి వెళ్దాం అనుకోవద్దు.

ముందు ఫోన్‌కు నెట్ తెంచండి. ఏరోప్లేన్ మోడ్ ఒక్కటే చాలదు, కొన్ని ఫోన్లలో వైఫై అలాగే ఆన్‌లో ఉండిపోతుంది. అదీ ఆపి, సిమ్ తీసి ఇంట్లో ఉన్న బటన్ ఫోన్‌లో వేయండి. బ్యాంకు, పోలీసులు మిమ్మల్ని నిర్ధారించుకునేది ఆ నంబరుతోనే. *#21# కొట్టి కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయేమో చూడండి. మళ్లుతుంటే ##002# కొడితే ఫార్వర్డింగ్ మొత్తం రద్దవుతుంది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. లైన్ దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆర్థిక మోసం కింద నేరుగా ఫిర్యాదు పెట్టండి. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, టైము, ప్రతి లావాదేవీ యూటీఆర్ నంబరు (ఒక్కో బదిలీకి విడిగా ఉండే గుర్తింపు నంబరు) అడుగుతారు. ఎక్కువమంది తడబడేది ఈ యూటీఆర్ దగ్గరే. యూపీఐకి అది 12 అంకెలు. ఫోన్‌పేలో 'టి'తో మొదలయ్యే పొడవాటి ట్రాన్సాక్షన్ ఐడీ యూటీఆర్ కాదు. పైగా దొంగ తన ఫోన్ నుంచి లాగిన డబ్బు మీ యాప్ హిస్టరీలో కనిపించకపోవచ్చు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతకాలి. ఎస్‌బీఐలో అయితే 'యూపీఐ/డీఆర్/' తర్వాత ఉండే 12 అంకెలే అది. బ్యాంకు బదిలీల్లో నెఫ్ట్‌కు అక్షరాలు, అంకెలు కలిపి 16, ఆర్టీజీఎస్‌కు 22 ఉంటాయి. మూడుసార్లు పోతే మూడు యూటీఆర్‌లూ ఇవ్వాలి. ఒక్క అంకె తప్పినా డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో పట్టుకోవడం ఆలస్యమవుతుంది. చివర్లో వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు కాగితం మీద రాసుకోండి.

తర్వాత బ్యాంకు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి, అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. కార్డు వెనక ఉన్నదానికే చేయండి. కార్డు, యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ మూడూ ఆపించండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ బ్రేక్ అయిందా, మీ పేరున ఇన్‌స్టంట్ లోన్ ఏదైనా తీశారా అని కూడా అడగండి. పొదుపు ఖాతాలో పదివేలే ఉన్నా లక్షల్లో పోయేది ఇలాగే. ఫిర్యాదు నంబరు, టైము తీసుకోవడం మరవద్దు. 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి, మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం పడదు. మీ అజాగ్రత్త వల్లే పోయిందని తేలినా, మీరు బ్యాంకుకు చెప్పిన క్షణం తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాల్సిందే. అందుకే ఆ టైముకు అంత విలువ.

ఇవన్నీ అయ్యాకే ఫోన్ సంగతి. కంగారులో రీసెట్ చేస్తే ఆధారాలు పోతాయి. ఫైలు పంపిన చాట్, పంపినవాడి నంబరు, ఆ యాప్ పేరు వేరే ఫోన్‌తో ఫొటోలు తీసి, వాటితో పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ చేయించండి. దారిలో ఆపి బ్యాంకులు హోల్డ్‌లో పెట్టిన సొమ్ము మీ చేతికి రావాలంటే కోర్టు ఉత్తర్వు అవసరం కావచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా తిరిగి ఇప్పిస్తున్నారు. ఈలోగా 'మీ డబ్బు రికవరీ చేయిస్తాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి' అని కాల్ వస్తే అది రెండో దోపిడీ, ఫోన్ పెట్టేయండి.

యాప్ తీసేద్దామంటే 'అన్‌ఇన్‌స్టాల్' నొక్కుడు పడకపోవచ్చు. సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్ యాప్స్' తెరిచి దాని టిక్ తీస్తే పడుతుంది. ఐకాన్ దాచుకుని ఉంటే యాప్స్ జాబితాలో పేరు లేకుండా, లేదా ఏదో సిస్టం యాప్ పేరుతో కనిపిస్తుంది. ఆధారాలు భద్రం చేసుకున్నాక ఫ్యాక్టరీ రీసెట్ చేసి, బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' చూసి తెలియనివన్నీ లాగౌట్ చేయండి. ఆ ఏపీకే ఈపాటికే మీ పేరుతో చుట్టాల గ్రూపులకు వెళ్లి ఉండొచ్చు. గ్రూపులో రాతకంటే మీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, ఫైలును అడ్మిన్‌తో డిలీట్ చేయించండి.