దారి తప్పి వచ్చిన ఎల్లో-బ్రౌడ్ వార్బ్లర్‌ను గుర్తుపట్టడం ఎలా?

సైబీరియా అడవుల్లో గూడు కట్టి, చలికాలానికి ఆగ్నేయాసియా వెళ్లాల్సిన పిట్ట ఇది. అయినా ఏటా సెప్టెంబరు చివర, అక్టోబరులో కొన్ని బ్రిటన్ తూర్పు తీరంలో వాలతాయి. తూర్పుగాలి రెండు రోజులు వీచి, వాన వెలిసిన పొద్దున స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లోనో, ఇంగ్లండ్ తూర్పు తీరంలోని స్పర్న్‌లోనో సికమోర్ చెట్ల కింద నిలబడండి.

ముందు చెవులకే పని. ‘సూ-ఈస్ట్’ అని చివర పైకి లేచే సన్నని కూత. కోల్ టిట్ అనే మరో చిన్న పిట్ట కూత కూడా దీనికి దగ్గరే, కాబట్టి పిట్ట కనపడేదాకా నోట్‌బుక్‌లో రాయొద్దు. కూత వచ్చిన కొమ్మను మామూలు కళ్లతోనే చూస్తూ ఉండండి. ఆకు కదలగానే బైనాక్యులర్ ఎత్తండి, 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మిల్లీమీటర్లు) చాలు. ముందే ఎత్తి వెతికితే పిట్ట పక్క కొమ్మకు జారుకుంటుంది.

పొడవు పది సెంటీమీటర్లే. కంటిపైన పొడవాటి మీగడరంగు గీత, రెక్క మీద రెండు పట్టీలు, వీపు దగ్గరి రెక్క ఈకలకు తెల్లటి మొనలు. గోల్డ్‌క్రెస్ట్ అనే బుల్లిపిట్టకూ రెక్కపట్టీ ఉంటుంది కానీ కంటిపైన ఆ గీత ఉండదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

రికార్డు చేసిన కూత వినిపించి పిలవకండి. ఆరేడు గ్రాముల ప్రాణి, అంత దూరం ఎగిరొచ్చింది, దాన్ని తిననివ్వాలి.

నవంబరులో కనపడితే కాళ్లు, ముక్కు చూడండి. అవి నల్లగా, ఒళ్లు బూడిదరంగులో, రెక్క మీది పై పట్టీ మసకగా ఉంటే దీన్ని పోలిన మరో జాతి, హ్యూమ్స్ వార్బ్లర్ కావచ్చు.