‘ఫ్యాక్ట్స్ ఆఫ్ లైఫ్’ వాడేముందు ఒకసారి చూసుకోండి

ఇంగ్లిష్‌లో ‘ఎ ఫ్యాక్ట్ ఆఫ్ లైఫ్’ అంటే ఎవరూ తప్పించుకోలేని నిజం. వయసు మీద పడటం, ధరలు పెరగడం లాంటివి. అదే ‘ద ఫ్యాక్ట్స్ ఆఫ్ లైఫ్’ అంటే చాలామందికి ముందు తట్టేది పిల్లలు ఎలా పుడతారో చెప్పడం. ‘ద బర్డ్స్ అండ్ ద బీస్’ కూడా అదే.

అందుకే ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు మంచీచెడూ చెప్పి, ‘ఐ టోల్డ్ హర్ ద ఫ్యాక్ట్స్ ఆఫ్ లైఫ్’ అనకండి. వినేవాళ్లకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. ‘హార్డ్ ట్రూత్స్’ అనండి, చాలు. చావు, పన్నులు ఎవరికీ తప్పవనడానికి ‘డెత్ అండ్ టాక్సెస్’ ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789లో ఒక ఉత్తరంలో రాసిన మాట ఇది.

అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఇంకొకటి: మీ అబ్బాయితో ‘ద టాక్’ అయిందా అని ఎవరైనా అడిగితే, సాధారణంగా ఈ సెక్స్ పాఠం గురించే.